నీడతో భూమిని కొలిచిన ఎరటోస్తనీస్



పాతకాలం గ్రీకులు కూర్చొని ఆలోచించారే గాని చేతులతో ఏదీ చేసి చూడలేదనీ, ప్రయోగాలన్నీ గెలీలియోతోనే మొదలైనాయనీ మనం అనుకుంటుంటాం. ఇది సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఎరటోస్తనీస్ జీవితం తెలుసుకోవాలి.

ఆయన క్రీ.పూ. 276 ప్రాంతంలో సైరీనీ అనే ఊళ్లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పటి లిబియా దేశంలో ఉంది. చదువు కోసం సముద్రం దాటి ఏథెన్స్ పోయాడు. చదువు కోసం ఊరు విడిచి వచ్చిన మనకు ఆ కష్టం తెలుసు గదా! తర్వాత ఈజిప్టు రాజు మూడవ టాలెమీ ఆయన్ని అలెగ్జాండ్రియాకు పిలిపించాడు. అక్కడి పెద్ద గ్రంథాలయానికి ఆయన అధిపతి అయినాడు. రాజకుమారుడికి చదువు కూడా చెప్పాడు.

ఆయనకు లెక్కలు, కవిత్వం, చరిత్ర, నక్షత్రాలు అన్నీ వచ్చు. కాని దేనిలోనూ మొదటివాడు కాదని గిట్టనివాళ్లు బీటా అని పేరు పెట్టారంట. బీటా అంటే గ్రీకు అక్షరాల్లో రెండోది. ప్రధాన సంఖ్యలను జల్లెడ పట్టే పద్ధతి ఆయనదే. మన లెక్కల పుస్తకంలో ఇప్పటికీ ఉంది. ఆర్కిమెడీస్ తన పుస్తకం ఒకటి ఈయన పేరనే రాసి పంపాడు. ఇంకేం రెండోవాడు!

ఇక అసలు సంగతి. ఈజిప్టు దక్షిణ భాగంలో సైనీ అనే ఊరుంది. ఇప్పుడు అస్వాన్ అంటారు. ఏడాదిలో పగలు అన్నిటికంటే పెద్దదైన రోజున, మిట్ట మధ్యాహ్నం అక్కడ నిలబెట్టిన కట్టెకు నీడ దాదాపు ఉండదు. బావి అడుగుదాకా ఎండ పడుతుంది. అదే వేళకు ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో మాత్రం నీడ పడుతుంది. భూమి బల్లపరుపుగా ఉండి, సూర్యుడు చాలా దూరంలో ఉంటే రెండు చోట్లా ఒకే తీరుగా ఉండాలి. తేడా వచ్చిందంటే నేల వంగి ఉన్నట్టు. ఎంత వంగిందో నీడే చెప్తుంది.

గిన్నెలాంటి నీడ గడియారంలో ఆయన ఆ నీడను కొలిచాడు. అది పూర్తి వృత్తంలో 50వ వంతు వచ్చింది. రెండు ఊళ్ల మధ్య దూరం 5,000 స్టేడియా. 50తో గుణిస్తే భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియా. స్టేడియా పొడవు మీద పండితుల్లో తేడాలున్నాయి. అందుకే ఆ లెక్క ఇప్పటి కొలతలో సుమారు 39 వేల నుంచి 46 వేల కిలోమీటర్ల దాకా వస్తుంది. ధ్రువాల మీదుగా అసలు చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు. భూమిని చుట్టిరాకుండా, ఉన్న ఊళ్లోనే ఉండి ఇంత దగ్గరికి వచ్చాడు!

ఇది ప్రయోగమేనా? ఒక వస్తువును మనం మార్చి ఏమవుతుందో చూస్తే అది ప్రయోగం. ఆయన సూర్యుణ్ణి మార్చలేడు. కనుక దీన్ని పరిశీలన, కొలత అనడమే న్యాయం. కాని ఇతర గ్రీకులు చేసి కూడా చూశారు. అరిస్టాటిల్ పొదిగే గుడ్లను పగలగొట్టి పిల్ల ఎట్లా పెరుగుతుందో రాశాడు. మరో టాలెమీ, రాజు కాదు శాస్త్రజ్ఞుడు, ఎరటోస్తనీస్ తర్వాత సుమారు 400 ఏళ్లకు నీటిలో కాంతి ఎంత వంగుతుందో కోణాలు కొలిచాడు. చేసి చూసినవాళ్లు ఉన్నారు. చేసి చూడనిదే నమ్మొద్దనే అలవాటు మాత్రం అప్పటికి అందరికీ రాలేదు.

మనమూ చేసి చూడొచ్చు. ఏటా మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మన ఉప్పల్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే నెలలో మధ్యాహ్నం సుమారు 12 గంటల 12 నిమిషాలకు కట్టె నీడ మాయమవుతుంది. అప్పుడు మనకు ఉప్పలే సైనీ. ఆదిలాబాద్ మనకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంది. అదే మన అలెగ్జాండ్రియా. ఆ రోజు అక్కడ మీటరు కట్టెకు సుమారు 4 సెంటీమీటర్ల నీడ పడాలి.

మీటరు వ్యాసార్థం ఉన్న వృత్తం చుట్టుకొలత 628 సెంటీమీటర్లు. 628ని 4తో భాగిస్తే 157. మ్యాపులో స్కేలు పెట్టి చూస్తే రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 250 కిలోమీటర్లు (బస్సు దారి లెక్క పనికిరాదు). 157ను 250తో గుణిస్తే 39,250. చూశారా! కాని జాగ్రత్త. నీడ చివర మసకగా ఉంటుంది. అర సెంటీమీటరు ఎక్కువ కొలిచామో, భూమి 35 వేలకు కుంచించుకుపోతుంది. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కట్టె నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి.

మేలో మనం సెలవులకు ఇళ్లకు పోతాం. ఆదిలాబాద్ వైపు మిత్రులు అక్కడ నీడ కొలవండి. ఇక్కడ ఉండే వార్డెన్ సార్ హాస్టల్ ముందు ఒక కట్టె పాతి చూడాలని మా విన్నపం. స్కూలు తెరిచినాక రెండు లెక్కలూ ఇదే గోడ మీద రాద్దాం. తప్పు వచ్చినా దాచొద్దు, ఎంత తప్పో కూడా రాద్దాం.

ఎరటోస్తనీస్‌కు చివరి రోజుల్లో చూపు పోయింది. క్రీ.పూ. 194 ప్రాంతంలో, సుమారు 80 ఏళ్ల వయసులో చనిపోయాడు. భూమి కొలత గురించి ఆయన రాసిన పుస్తకం మిగల్లేదు, తర్వాతివాళ్లు రాసుకోబట్టి మనకు తెలిసింది. నీడ మాత్రం ఇప్పటికీ ఉంది. కట్టె ఉంటే చాలు, మనమూ కొలవొచ్చు.