లెక్కకెక్కని జబ్బులకు లెక్క రాసిన డాక్టరమ్మ

పాలవాడి లెక్క క్యాలెండర్ మీద రాసుకుంటాం. చాకలి పద్దు నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటాం. రాయకపోతే నెలాఖరుకి ఎన్ని లీటర్లు పోశాడో, ఎన్ని బట్టలు తిరిగిరాలేదో ఎవరికి గుర్తుంటుంది? పద్దు లేకపోతే అడగటానికీ నోరు రాదు.

మనుషుల ప్రాణాల విషయంలోనూ ఇలాగే జరిగేదంటే నమ్ముతారా? నూరేళ్ళ పైమాట. అమెరికా ఫ్యాక్టరీల్లో కూలివాడి చెయ్యి చచ్చుబడిపోయినా, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయినా ఆ సంగతి రాసిపెట్టే పుస్తకమే ఉండేది కాదు. రాయలేదు కాబట్టి జరగనట్టే! అలా లెక్కలో లేని రోగులను ఇల్లిల్లూ తిరిగి వెతికి, కాగితం మీద పెట్టిన డాక్టరమ్మ పేరు ఆలిస్ హామిల్టన్.

ఆలిస్ 1869 ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో పుట్టింది. పెరిగింది మాత్రం ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ అనే ఊళ్ళో. ఆలిస్‌తో కలిపి నలుగురు అక్కచెల్లెళ్ళు, ఒక తమ్ముడు. అక్క ఎడిత్ తర్వాతి రోజుల్లో గ్రీకు పురాణకథల రచయిత్రిగా పేరు తెచ్చుకుంది. చిన్నప్పటి చదువంతా ఇంట్లోనే. తండ్రి వ్యాపారం దెబ్బతినడంతో ఆడపిల్లలైనా తమ కాళ్ళ మీద తాము నిలబడక తప్పదని తెలిసొచ్చింది. డాక్టరైతే ఎక్కడికైనా వెళ్ళొచ్చు, ఏ ఊళ్ళోనైనా పనికొస్తాను అనుకుంది ఆలిస్. 1893లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా తీసుకుంది. పైచదువుకి జర్మనీ వెళితే, మగ విద్యార్థుల కంటపడకుండా కూర్చుంటేనే పాఠం వినమన్నారట. అలాగే కూర్చుని వినొచ్చింది!

పేదల వాడలో కాపురం

1897లో షికాగోలోని మహిళా వైద్యకళాశాలలో ఉద్యోగం వచ్చింది. జీతం సంగతెలా ఉన్నా, ఆమె జీవితాన్ని మార్చింది బస చేసిన ఇల్లు. దాని పేరు హల్ హౌస్. తర్వాత నోబెల్ శాంతి బహుమతి అందుకున్న జేన్ ఆడమ్స్ నడిపిన సేవాసదనం అది. చుట్టూ ఇటలీ నుంచి, పోలెండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలి కుటుంబాలు. ఆలిస్ అక్కడ పసిపిల్లలకి వైద్యశాల పెట్టింది. పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులతో నాలుగు మాటలు కలిస్తే చాలు, ఇంటాయన సంగతులు బయటికొచ్చేవి. రంగుల ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి మనిషి పాలిపోయాడని ఒకామె, మణికట్టు వాలిపోయి గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నాడని మరొకామె.

1902లో షికాగోలో టైఫాయిడ్ వచ్చింది. ఈగల వల్లే వ్యాపిస్తోందని పరిశోధన చేసి రాసింది ఆలిస్. గొప్ప పేరొచ్చింది. తీరా కొన్నాళ్ళకి అసలు సంగతి తెలిసింది. మురుగునీరు మంచినీటి గొట్టాల్లో కలిసిపోతే ఆరోగ్యశాఖవారు ఆ మాట పైకి పొక్కనివ్వలేదు! తన పేరు నిలబెట్టిన సిద్ధాంతమే తప్పని ఆమె తర్వాత తన ఆత్మకథలో నిస్సంకోచంగా ఒప్పుకుంది. దాచిపెట్టిన ఒక్క నిజం ఎంతమందిని తప్పుదారి పట్టిస్తుందో ఆమెకి అనుభవంలోకి వచ్చిందక్కడే.

రికార్డుల వేట

1910లో ఇల్లినాయ్ రాష్ట్రం వృత్తి జబ్బుల మీద సర్వే చేయించింది. ఆ బాధ్యత ఆలిస్‌కి అప్పజెప్పారు. ఆమె ప్రధానంగా ఎంచుకున్నది సీసం. యజమానుల్ని అడిగితే మా దగ్గర ఎవరికీ జబ్బు లేదన్నారు. ఆసుపత్రి కాగితాలు చూస్తే రోగి పేరుంది, నొప్పి ఉంది. ఏం పని చేస్తాడన్న చోట ఖాళీ, లేదంటే కూలి అన్న ఒక్క మాట. ఏ కూలి? ఎక్కడ? ఏ పొడి పీల్చాడు? రాసినవాడు లేడు.

మరేం చేసింది? మందులషాపులకి వెళ్ళింది. చర్చి ఫాదర్లని అడిగింది. కార్మిక సంఘాల వాళ్ళని కలిసింది. ఇళ్ళకే వెళ్ళి మంచంపట్టిన వాళ్ళ పక్కన కూర్చుంది. ఒక పోలెండ్ కూలీకి సీసం పక్షవాతం వచ్చింది. స్నానాల తొట్టెలకి ఎనామిల్ పూత వేసేవాడతను. ఫ్యాక్టరీకి వెళితే పని చూపించారు. అక్కడ సీసం జాడే లేదు! మళ్ళీ అతని ఇంటికే వెళ్ళి అడిగితే గుట్టు తెలిసింది. ఆమెకి చూపించింది చివరి మెరుగులు దిద్దే చోటట. ఎర్రగా కాలిన తొట్టెల మీద ఎనామిల్ పొడి చల్లే అసలు చోటు వేరే ఉంది. ఆ పొడి తెప్పించి పరీక్ష చేయిస్తే సీసం బయటపడింది.

అన్నీ కూడగడితే సీసం వాడే పనులు 70కి పైగా, నిర్ధారించిన రోగులు 500కు పైగా తేలారు. దాంతో 1911లో ఇల్లినాయ్‌లో చట్టం వచ్చింది. ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవాళ్ళకి నెలనెలా వైద్యపరీక్ష చేయించాలి. జబ్బు చేస్తే ఫ్యాక్టరీల తనిఖీ శాఖకి తెలియజేయాలి. కార్మికుడి జబ్బు కాగితం మీదకెక్కడం మొదలైందన్నమాట.

ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం తరఫున దేశమంతా తిరిగింది. ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టే హక్కు చట్టప్రకారం ఆమెకి లేదు. గుమ్మంలో నిలబడి, మర్యాదగా అడిగి లోపలికి వెళ్ళేది. సీసం కంపెనీ పెద్ద ఎడ్వర్డ్ కార్నిష్ తన కార్మికులకి ఏ జబ్బూ లేదని కోపగించుకున్నాడు. ఆమె వాదించలేదు. ఆసుపత్రిపాలైన 22 మంది వివరాలు తెచ్చి ముందుపెట్టింది. ఆయన కూడా పెద్దమనిషే. తప్పు తెలుసుకుని దుమ్ము రేగకుండా ఏర్పాట్లు చేయించి, డాక్టర్లని పెట్టాడు. చేతులు కడుక్కోకుండా తింటారు, తాగుతారు, అందుకే రోగాలు అని యజమానులు అనేవారు. కాదు, పీల్చే దుమ్మూ పొగే విషమని ఆమె లెక్కలతో చూపించింది. సీసం పనుల్లో ఉన్న స్త్రీల మీద 1919లో ప్రత్యేకంగా నివేదిక రాసింది.

మూడు షరతుల ఉద్యోగం

ఆ ఏడాదే హార్వర్డ్ విశ్వవిద్యాలయం పిలిచి ఉద్యోగమిచ్చింది. హార్వర్డ్‌లో పాఠం చెప్పిన మొదటి స్త్రీ ఆమే. కానీ మూడు షరతులు! అధ్యాపకుల క్లబ్బులోకి రాకూడదు, ఫుట్‌బాల్ టికెట్లు అడగకూడదు, పట్టాల ఉత్సవం ఊరేగింపులో నడవకూడదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి, 1935లో అదే హోదాలో రిటైరైంది. ప్రమోషన్ ఊసే లేదు.

నోరు మాత్రం మూసుకోలేదు. 1925లో పెట్రోల్‌లో సీసం కలిపితే ప్రమాదమని గట్టిగా వ్యతిరేకించింది. ఎవరూ వినలేదు. మన దేశంలో ఆ పెట్రోల్ 2000లో ఆగింది. ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో 2021లో ఆగింది. ఆవిడ మాట నిజమని ఒప్పుకోవడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది మరి!

1970 సెప్టెంబర్ 22న, 101 ఏళ్ళ వయసులో ఆలిస్ కన్నుమూసింది. మూడు నెలలు దాటాక, డిసెంబర్ 29న అమెరికాలో పనిచోట భద్రత చట్టం సంతకమైంది. ఆ చట్టం కింద, కొన్ని మినహాయింపులు పోను, పదిమందికి మించి పనివాళ్ళున్న యజమాని గాయాల రిజిస్టరు పెట్టాలి. ఎవరికి, ఏ రోజున, ఏ పని చేస్తుండగా, ఏమైంది, ఎన్ని రోజులు పనికి రాలేకపోయారు అన్నీ రాయాలి. ప్రథమచికిత్సతో సరిపోయే చిన్న దెబ్బలు అక్కర్లేదు. సంగతి తెలిసిన ఏడు రోజుల్లో రాయాలి, అయిదేళ్ళు దాచాలి. ఏడాది మొత్తం లెక్క ఫిబ్రవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా అందరికీ కనబడేలా గోడకి అంటించాలి. మనిషి పోతే ఎనిమిది గంటల్లో, ఆసుపత్రిలో చేర్చినా, కన్నో వేలో పోయినా 24 గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలి.

ఇంత ఉన్నా అన్నీ ఎక్కుతున్నాయని కాదు. ఉద్యోగం పోతుందేమోనని దెబ్బ దాచుకునే వాళ్ళున్నారు. ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ము ఎప్పుడో దగ్గుగా బయటపడితే, దాన్ని ఏ పుస్తకంలో, ఏ తేదీన రాస్తారు?

అందుకే ఆలిస్ పద్ధతి ఇప్పటికీ మనకి పనికొస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆయాసం, చేతుల వణుకు, తగ్గని కడుపునొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం తిన్నారో చెప్పి ఊరుకోకండి. రోజంతా ఏ పని చేస్తారో, దేని మధ్య కూర్చుంటారో కూడా చెప్పండి. చీటీలో ఆ మాట రాయమని అడగండి. ఆ ఒక్క ముక్క ఆసుపత్రి కాగితాల్లో లేకే కదా, ఆవిడ అన్ని ఇళ్ళ గడపలు తొక్కాల్సివచ్చింది!