తన వెంట పదిమందిని నడిపించిన దుర్గాబాయి

మీ విచారణలో ఒక మహిళా సంఘమో, యువజన సంఘమో, పేదలకు సాయపడే సభో తప్పక ఉండి ఉంటుంది. దాన్ని మొదలుపెట్టిన వారిని ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసింది వారే, లెక్కలు రాసింది వారే, బీరువా తాళంచెవి ఉన్నదీ వారి దగ్గరే. మరి వారికి వేరే ఊరు బదిలీ అయిన నాడో, వారు మంచాన పడిన నాడో ఆ సంఘం ఏమైంది? చాలా ఊళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే. కుట్టుమిషన్ల మీద దుమ్ము పేరుకుంది, లెక్కల పుస్తకం అటకెక్కింది. ఊళ్ళో దయగల మనుషులు లేక అలా జరగలేదు. ఆ పని నేర్చుకున్న రెండో మనిషి లేక జరిగింది.

సేవ చేయడం ఒక ఎత్తు. సేవ చేసేవారిని తయారుచేయడం మరో ఎత్తు. ఈ రెండో పనిని జీవితాంతం చేసిన ఒక స్త్రీ మన గోదావరి గట్టునే పుట్టింది. ఆమె శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆంధ్ర మహిళా సభ పేరు వినని తెలుగు కుటుంబం అరుదు. అయితే ఆ సభ ఎలా నిలబడిందో, దాని వెనుక ఆమె మనుషుల్ని ఎలా పెంచిందో తెలిసినవారు తక్కువ. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. బాల్యమంతా కాకినాడలో గడిచింది. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ బంధాన్ని ఒప్పుకోలేదు. తండ్రీ సోదరుడూ ఆమె మాటనే గౌరవించి అండగా నిలిచారు. ఒక ఆడపిల్ల తన జీవితం గురించి తాను మాట్లాడడమే తప్పుగా ఎంచే రోజుల్లో ఇంట్లోవారు ఇచ్చిన ఆ అండ చిన్నది కాదు.

బడిలో ఇంగ్లీషు మాధ్యమాన్ని రుద్దడం నచ్చక ఆమె చిన్నతనంలోనే చదువు మానుకున్నారు. కాని నేర్చుకోవడం మానలేదు. పట్టుదలతో హిందీ నేర్చుకున్నారు. తనకు వచ్చింది తనతోనే ఉంచుకోలేదు. కాకినాడలో ఆడవారి కోసం బాలికా హిందీ పాఠశాల తెరిచారు. అప్పటికి ఆమే ఇంకా బాలిక. మధ్యాహ్నం ఇంటి పనులు ముగించుకుని వచ్చే గృహిణులకు ఆ చిన్నపిల్ల పంతులమ్మ అయింది!

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పుడు పన్నెండో ఏడు. దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయనను చూడాలని, ఆయన మాట వినాలని ఆమె ఆశ. స్థానిక నాయకులను అడిగితే 5,000 రూపాయల నిధి తెస్తే కొద్ది నిమిషాల సమయం ఇస్తామన్నారు. ఆ రోజుల్లో 5,000 అంటే ఎంత సొమ్మో మీరే ఊహించండి. మరొకరైతే అక్కడితో ఊరుకునేవారు. ఆమె మాత్రం ఆ దేవదాసీల దగ్గరికే వెళ్ళి విషయం చెప్పారు. వారే పూనుకుని సొమ్ము కూర్చారు. గాంధీజీ వచ్చి, అనుకున్నదానికంటే ఎక్కువసేపే వారి మధ్య గడిపారు. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి నిధికి ఇచ్చారు. హిందీలో సాగిన ఆయన మాటలను దుర్గాబాయి తెలుగులో చెప్పారు. ఆ తరువాత జరిగిన బహిరంగ సభలో కొండా వెంకటప్పయ్య గారు అనువాదానికి సిద్ధంగా ఉన్నా, గాంధీజీ ఆ చిన్నపిల్లనే పిలిచి తన ప్రసంగాన్ని తెలుగు చేయించారు.

పాఠకులారా, ఈ సంఘటనలో రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఆమె దేవదాసీల తరఫున ఎవరినో యాచించలేదు. ఆ పనిలో వారినే భాగస్వాములను చేశారు. రెండోది, ఒక పెద్దాయన స్థానంలో ఒక చిన్నపిల్లకు చోటు దొరికింది. ఎవరైనా ఎదగాలంటే ఎవరో ఒకరు కాస్త జరిగి చోటివ్వాలి. ఈ పాఠం దుర్గాబాయి మరచిపోలేదనడానికి ఆమె తరువాతి జీవితమే సాక్ష్యం.

1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగింది. ఆ మహాసభకు ఆమె తన పాఠశాల స్త్రీలను స్వచ్ఛంద సేవకులుగా తయారుచేశారు. ఆమెకు మాత్రం వయసు చాలదని ప్రదర్శన ద్వారం వద్ద కాపలా అప్పగించారు. టిక్కెట్టు లేకుండా ఎవరినీ పంపకూడదన్నది ఆజ్ఞ. అంతలో వచ్చినవారు జవహర్‌లాల్ నెహ్రూ. టిక్కెట్టు లేదు. ఆమె లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొనితెచ్చాకనే దారి ఇచ్చారు. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు. అప్పగించిన పని చిన్నదైనా నియమం నియమమే. డబ్బుతో ముడిపడ్డ సేవాసంస్థలకు ఈ గుణమే ప్రాణం. పెద్దవారు వచ్చారని లెక్క తప్పే చోట ప్రజల నమ్మకం నిలవదు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆమె మద్రాసులో ఉద్యమాన్ని నడిపించారు. 1930కీ 1933కీ మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళారు. మధుర జైలులో ఏకాంతవాసం అనుభవించారు. ఆ జైళ్ళలోనే ఆమెకు మరో లోకం కనిపించింది. తమ మీద మోపిన నేరం ఏమిటో, కోర్టులో ఏం మాట్లాడాలో తెలియక శిక్షలు అనుభవిస్తున్న నిరుపేద స్త్రీలు ఆమెకు అక్కడ ఎదురయ్యారు. జాలిపడి కన్నీరు పెట్టడం ఎవరైనా చేస్తారు. ఆమె మాత్రం న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నారు. చేతిలో ఆనాటికి మెట్రిక్ పట్టా కూడా లేదు!

విడుదలయ్యాక ఆమె మొదటినుంచి మొదలుపెట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయం పరీక్షలకు చదివి మెట్రిక్, ఆపైన ఇంటర్మీడియట్ పూర్తిచేశారు. రాజనీతిశాస్త్రం చదవడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వస్తే అక్కడ ఆడపిల్లలకు హాస్టలు లేదు. వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆ ఇబ్బందినే చెప్పారు. అప్పుడు దుర్గాబాయి చేసిన పని వినండి. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే రాయమని పత్రికలో ప్రకటన వేశారు. అలా జవాబిచ్చిన కొద్దిమందిని కూడగట్టి తామే ఒక వసతి ఏర్పాటు చేసుకున్నారు. ఆమె ఒక్కరికే గది కావాలంటే ఎవరో బంధువుల ఇల్లు దొరకకపోదు. కాని తనకు మూసుకున్న తలుపు ఇంకెందరికి మూసుకుందో ఆమె మొదట వెతికారు. ఆ తలుపు తెరిచినప్పుడు అందరూ కలిసే లోపలికి వెళ్ళారు. 1939లో ఆనర్సు పట్టా, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు.

ఈ చదువు సాగుతుండగానే 1937లో మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళా సభకు అంకురం పడింది. ఇరుగుపొరుగు పిల్లలను చేరదీసి హిందీ, ఆటపాటలు నేర్పే చిన్న బాలికల సంఘంగా అది మొదలైంది. క్రమంగా, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను కాశీ మెట్రిక్ పరీక్షకు తక్కువ కాలంలో సిద్ధం చేసే తరగతులు అక్కడ నడిచాయి. తాను కష్టపడి దాటిన గట్టునే ఇతరులచేత దాటించడం అన్నమాట. బాల్యవివాహం, వైధవ్యం, పేదరికం, భర్త విడిచిపెట్టడం, ఇలా ఏదో ఒక కారణాన పుస్తకం మూసేసిన స్త్రీలు మళ్ళీ పలక పట్టారు. చదువుకున్నవారు టీచర్లుగా, నర్సులుగా నిలదొక్కుకున్నారు. ఆశ్రయం కోరి వచ్చిన మనిషి నలుగురికి ఆశ్రయమిచ్చే మనిషిగా మారాలి. సభ పద్ధతి అదే.

రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలిగా, న్యాయవాదిగా ఆమె చేసిన కృషి మీలో చాలామందికి తెలిసిందే. 1952 సార్వత్రిక ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు. ఓటమి తరువాత ఇంట్లో కూర్చోలేదు. ప్రణాళికా సంఘం సభ్యురాలిగా నియమితులై, సాంఘిక సంక్షేమం బాధ్యత తీసుకున్నారు. 1953 జనవరిలో ఆనాటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో ఆమె వివాహం జరిగింది. అదే ఏడు ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షురాలు దుర్గాబాయే.

ఇక్కడ కాస్త ఆగి చూద్దాం. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయంగా 4 కోట్ల రూపాయలు కేటాయించారు. అంత సొమ్ము ప్రభుత్వ ఉద్యోగుల చేత ఖర్చు పెట్టించడం సులభమైన దారి. ఆమె ఆ దారి ఎంచుకోలేదు. సేవలో అనుభవమున్న స్త్రీలనే మండలిలోకి తెచ్చారు. రాష్ట్రాల్లోనూ అలాంటి మండళ్ళు, జిల్లాల్లో కమిటీలు వెలిశాయి. అంతవరకూ ఇంటి గడప దాటని గృహిణులెందరో కమిటీ సమావేశాల్లో కూర్చుని లెక్కలు చూడడం, తీర్మానాలు రాయడం, అధికారులతో మాట్లాడడం నేర్చుకున్నారు. సాయం పొందే సంస్థ తన వంతు సొమ్ము తానూ కూర్చుకోవాలన్న పద్ధతి ఉండేది. ఊరిలో నమ్మకం సంపాదించని సంస్థ ప్రభుత్వ డబ్బుతో మాత్రం ఎన్నాళ్ళు బతుకుతుంది?

1954లో గ్రామాల కోసం సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. ఒక్కో పథకం కింద దాదాపు 25 గ్రామాలు. పసిపిల్లలకు బాలవాడి, గర్భిణులకు మంత్రసాని సాయం, స్త్రీలకు చేతిపనులు, అక్షరాలు. వీటన్నిటికీ గ్రామసేవిక కావాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. చదువుకున్న స్త్రీ పల్లెలో లేదు. పట్నంలో చదువుకున్నవారు పల్లెకు రావడం కష్టం, వచ్చినా నిలవడం కష్టం.

ఈ చిక్కుకు దుర్గాబాయి వెతికిన పరిష్కారం ఆమె జీవితంలోంచే వచ్చింది. పల్లెకు నాయకురాలిని బయటినుంచి తేవడం ఎందుకు, పల్లెలో ఉన్న స్త్రీనే చదివిద్దాం అన్నారు. మైలాపూరులో తాను నడిపిన తరగతుల అనుభవం ఆమెకు ఉంది. 1958లో మండలి తరఫున పెద్దవయసు స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభమయ్యాయి. బడి మానేసిన స్త్రీలు రెండేళ్ళలో పరీక్షకు కూర్చునేవారు. వారిలోంచే గ్రామసేవికలు, బాలవాడి టీచర్లు, నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు తయారయ్యారు. పాత గ్రామసేవిక ఉద్యోగం మానేస్తే ఆ ఊళ్ళోనే మరొకరు ఉండాలన్నది ఆలోచన. తరువాతి కాలంలో ఆ గ్రామ కేంద్రాలను మహిళా మండళ్ళకు అప్పగించే ఏర్పాటు కూడా జరిగింది.

ఆమె చేసిన పనులన్నీ వరుసగా చెప్పాలంటే ఈ పేజీ చాలదు. 1958లో స్త్రీవిద్యపై జాతీయ సంఘానికి అధ్యక్షత వహించారు. ఢిల్లీలో అంధుల సేవాసంస్థకు తోడ్పడ్డారు. 1962లో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించారు. హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ వైద్యశాలగా, మహిళా కళాశాలగా, వయోజన విద్యాకేంద్రంగా విస్తరించింది. 1975లో పద్మవిభూషణ్ పురస్కారం ఆమెనూ భర్తనూ ఒకే ఏడాది వరించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఆమె పోయాక కూడా సభ తలుపులు మూతపడలేదు. ఆమె మొదలుపెట్టిన పనిని చేతికి తీసుకునేవారు అప్పటికే అక్కడ ఉన్నారు.

ప్రియ పాఠకులారా, దుర్గాబాయి గొప్పది కనుక చేయగలిగింది, మనమెంత అనుకుంటున్నారా? ఆమె మొదలుపెట్టింది పెద్ద నిధితోనూ కాదు, పట్టాతోనూ కాదు. బడి మానేసిన ఒక పిల్ల, తనకు వచ్చిన కొద్దిపాటి హిందీ, నేర్చుకుందామని వచ్చిన నలుగురు ఆడవాళ్ళు. అంతే. ఏది నేర్చుకున్నా వెంటనే మరొకరికి నేర్పడం ఆమె అలవాటు. ఆ అలవాటుకు ఖర్చేమీ లేదు.

సేవాసంస్థలు నడిపే పెద్దలకు తరచూ ఒక భయం ఉంటుంది. చిన్నవారికి అప్పగిస్తే పాడుచేస్తారేమోనని. నిజమే, మొదట్లో పొరపాట్లు చేస్తారు. కూడిక తప్పుతుంది, ఉత్తరం సరిగా కుదరదు, సమావేశంలో గొంతు వణుకుతుంది. ఆ పొరపాట్లు మీరు పక్కన ఉన్నప్పుడే జరగడం మంచిది కదా? మీరు లేనప్పుడు జరిగితే దిద్దేవారెవరు?

కనుక వచ్చే ఆదివారం మీ సంఘం సమావేశమైనప్పుడు ఒక చిన్న పని చేయండి. లెక్కల పుస్తకం మీరు తెరవకండి. వెనుక వరుసలో మౌనంగా కూర్చునే ఒక చెల్లినో, కాలేజీ చదువుతున్న ఒక పిల్లవాడినో పిలిచి, ఆ నెల జమాఖర్చులు వారి చేత రాయించండి. పక్కన కూర్చోండి, అడిగితే చెప్పండి, కలం మాత్రం లాక్కోకండి. మరుసటి నెల వారి చేతనే చదివించండి. ఆరు నెలలు గడిచాక తాళంచెవి ఎవరి చేతికివ్వాలో మీకే తెలుస్తుంది.