దొంగలన్న ముద్రను చెరిపిన వకీలు: వెన్నెలకంటి రాఘవయ్య

రాకెట్ ఎగిరే రోజున సూళ్ళూరుపేటకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోయే రోడ్డు పక్కన లోతులేని నీళ్లలో కొంగలుంటాయి, కాలం కలిసొస్తే ఫ్లెమింగోలూ ఉంటాయి. ఆ నీళ్లలోనే చేత్తో చేపలు తడుముకునే మనుషులూ ఉంటారు. వాళ్ల వైపు కెమెరాలు తిరగవు. ఈ దీవిలో రాకెట్ కేంద్రం రాకముందు, అంతకుముందు కుంఫిణీ ప్రభుత్వం రాకముందు కూడా బతికినవాళ్లు వాళ్లే. వాళ్లు యానాదులు.

యానాదుల మాట ఎత్తితే నెల్లూరు సీమలో ఒక పేరు తప్పనిసరిగా వస్తుంది. ఆయన వెన్నెలకంటి రాఘవయ్య. స్వాతంత్య్ర సమరయోధుడిగా, పద్మభూషణ్ గ్రహీతగా పెద్దవాళ్లకు గుర్తున్నారు. మన విద్యార్థుల్లో చాలామందికి ఆయన పేరు తెలియదు, తెలిసినా గిరిజనుల మీద పుస్తకాలు రాసిన పెద్దమనిషి అన్నంతవరకే. ఆయన జీవితాన్ని మనం మళ్లీ చదవాలని మేము అనడానికి కారణం పొగడాలని కాదు. పై కులంలో పుట్టిన మనిషి కింద నిలబెట్టబడ్డ మనిషి దగ్గరికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుంది, ఏం జరగదు అన్న ప్రశ్న మన ఉద్యమాల్లో ఈ రోజుకీ తెగలేదు. ఆయన జీవితంలో ఆ ప్రశ్న రెండు వైపులా కనిపిస్తుంది.

ఆయన 1897లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. అగ్రకుల కుటుంబం, న్యాయశాస్త్రం చదువు. ఆ రోజుల్లో అలాంటి యువకుడికి దారి ముందే వేసి ఉండేది. కోర్టు, కక్షిదారులు, భూములు, ఊళ్లో గౌరవం. సహాయ నిరాకరణ ఉద్యమం నెల్లూరును గట్టిగా కుదిపింది. 1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించడానికి గాంధీ స్వయంగా వచ్చారు. ఆ గాలిలో పెరిగిన తరం వాడే రాఘవయ్య. కాంగ్రెస్‌లో చేరినవాళ్లు ఆ జిల్లాలో చాలామందే ఉన్నారు. ఖద్దరు కట్టినవాళ్లు, జైలుకు పోయినవాళ్లు ఉన్నారు. ఎలుక బొరియలు తవ్వి వడ్లు ఏరుకునే యానాది గుడిసె ముందు కూర్చుని, వీళ్ల సమస్యే నా పని అనుకున్నవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

యానాదులంటే అప్పట్లో ఊరి దృష్టి ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పొలానికి కాపలా కావాలంటే యానాదే కావాలి. కళ్లంలో ధాన్యం రాసులకు రాత్రి కాపు యానాదే. పాము కరిస్తే వేరు మందు, అడవి తేనె, చెరువు చేప, పొలం గట్లలో ఎలుకల పని, అన్నిటికీ యానాదే. కానీ ఊళ్లో కోడి పోతే పోలీసు మొదట పోయేది యానాది గుడిసెకే. కాపలా పెట్టుకునేదీ వాళ్లనే, దొంగలనేదీ వాళ్లనే. ఈ వైరుధ్యం ఊరి పెద్దలకు వైరుధ్యంగా తోచలేదు. తక్కువ కూలికి, తిండి గింజలకు, అప్పు కింద తరాల తరబడి పనిచేసే మనిషిని భయంలో ఉంచడానికి ఆ ముద్ర వాళ్లకు అక్కరకొచ్చింది.

ఆ ముద్రకు చట్టం రూపం కూడా ఉంది. నేరస్త తెగల చట్టం 1871లో ఉత్తర భారతంలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. 1924లో దాన్ని మరింత బిగించారు. ఒక తెగ మొత్తాన్ని ప్రభుత్వం గెజిట్‌లో నేరస్తులని ప్రకటించవచ్చు. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ వాదించడానికి వీల్లేదు. పేరు నమోదు, వేలిముద్రలు, చెప్పిన వేళకు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. దొంగతనం చేశాడా లేదా అన్నది ప్రశ్నే కాదు. ఎవరికి పుట్టాడన్నదే నేరం. ఎరుకలు, వడ్డెరల్లో కొన్ని శాఖలు, ఇంకా ఎన్నో సంచార జాతులతోపాటు యానాదుల పేరూ ఆ జాబితాకు ఎక్కింది. కులం పుట్టుకతో వచ్చే మలినమని శాస్త్రాలు చెబితే, నేరం పుట్టుకతో వస్తుందని తెల్లదొరలు చట్టం రాశారు. రెంటికీ మధ్య బంధుత్వం మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

వకీలైన రాఘవయ్యకు ఈ చట్టంలోని అన్యాయం వకీలు కంటితోనే అర్థమై ఉండాలి. అప్పీలు లేని శిక్ష అది. ఆయన యానాదుల మధ్య సంఘం కట్టే పనిలోకి దిగారు. స్వాతంత్య్రానికి ముందే యానాది సంఘం పేరు నెల్లూరు జిల్లాలో వినబడడం మొదలైంది. పిల్లలకు చదువు, అప్పు బానిసత్వం నుంచి విడుదల, పోలీసు హాజరు రద్దు, ఇంటి స్థలం. ఇవాళ మనం వినతిపత్రాల్లో రాసే డిమాండ్లకూ వీటికీ పెద్ద తేడా లేకపోవడం మనకు సిగ్గుచేటు.

ఈ పోరాటం నెల్లూరుకే పరిమితం కాలేదు. 1936 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ నేరస్త తెగల చట్టాన్ని పౌర స్వేచ్ఛకే విరుద్ధమని తీవ్రంగా ఖండించింది నెల్లూరులోనే. దేశంలో ఇన్ని ఊళ్లుండగా ఆ మాట నెల్లూరులో రావడం కాకతాళీయం కాదని మా అభిప్రాయం. ఆ గడ్డ మీద ఆ చట్టం కింద నలిగినవాళ్లు కళ్ల ముందే ఉన్నారు, వాళ్ల గురించి మాట్లాడేవాళ్లూ తయారయ్యారు. చివరికి మద్రాసు రాష్ట్రం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. విముక్త జాతులు ఆ రోజును ఇప్పటికీ తమ స్వాతంత్య్ర దినంగా జరుపుకుంటాయి. దేశానికి స్వాతంత్య్రం వచ్చిన అయిదేళ్లకు గానీ వాళ్లకు రాలేదు.

ఇక్కడ ఆగి ఒక ఇబ్బందికరమైన విషయం మాట్లాడుకోవాలి. రాఘవయ్య పనిచేసింది గాంధేయ సేవా సంప్రదాయంలో. గిరిజనుల కోసం ఠక్కర్ బాపా 1948లో స్థాపించిన భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘ్ ఆ సంప్రదాయానిదే. రాఘవయ్య పుస్తకాలు కొన్ని ఆ సంస్థే ప్రచురించింది, ఆంధ్రలో ఆ పనికి ఆయనే పెద్ద దిక్కు. అదే ఠక్కర్‌కు 1932 నవంబరులో అంబేడ్కర్ రాసిన లేఖ మనలో చాలామంది చదివిందే. అస్పృశ్యతా నివారణ పేరుతో కొత్తగా పెట్టిన సంఘం మనుషులను ఒక్కొక్కరిగా సంస్కరించే పని కాకుండా బావులు, బడులు, దారుల మీద పౌర హక్కుల కోసం పోరాడాలనీ, ఆ పనిలో అణగారిన కులాల వాళ్లనే పెట్టాలనీ ఆయన అందులో కోరారు. ఆ సలహా చెల్లలేదు. కొద్ది కాలానికే అంబేడ్కర్ ఆ సంఘానికి దూరమయ్యారు. దయతో వచ్చినవాడి చేతిలోనే సంఘం తాళం చెవి ఉంటే, దయ అందుకునేవాడు ఎప్పటికీ చెయ్యి చాచే ఉండాలన్నది ఆయన భయం. ఆ భయం నిజమైందని హరిజన సేవక్ సంఘ్ చరిత్ర చూపించింది.

మరి రాఘవయ్యను ఆ లెక్కలోనే కొట్టేయాలా? మాకు అలా అనిపించడం లేదు. ఎందుకో చెప్పడానికి ఆయన పుస్తకాల దగ్గరికి వెళ్లాలి.

యానాదుల మీద ఆయన ఇంగ్లీషు గ్రంథం 1962లో వచ్చింది. అంతకుముందు ఈ జాతి గురించి రాసిన ప్రసిద్ధ రచన 1909 నాటి ఎడ్గర్ థర్‌స్టన్ సంపుటాల్లోది. థర్‌స్టన్ శ్రీహరికోట యానాదుల గురించి చెప్పిన సంగతులు ఆసక్తిగానే ఉంటాయి. 1835లో దీవి ప్రభుత్వం చేతికి వచ్చాక, అడవి సరుకు తెచ్చిచ్చినవాళ్లకు ధాన్యం కొలిచి ఇచ్చేవారు. 1857లో వాళ్ల పిల్లలకు బడి పెట్టారు, వచ్చిన పిల్లలకు అన్నం పెట్టారు. 1877లో ఆ బడి మూతపడింది. ఈ కథను థర్‌స్టన్ చెప్పే తీరులో, ప్రభుత్వం మంచి చేయబోయింది, వీళ్లే అందుకోలేకపోయారు అన్న ధ్వని ఉంటుంది. అడవి సరుకు విలువ ఎంత, కొలిచిన గింజల విలువ ఎంత అన్న లెక్క మాత్రం ఉండదు. రాఘవయ్య రాసింది తూకం తక్కెడ అవతలి వైపు నిలబడి. వాళ్లతో తిరిగినవాడు, వాళ్ల కోసం అర్జీలు రాసినవాడు రాసిన పుస్తకం అది. లోపాలు లేవని కాదు. నాగరికత నేర్పాలన్న పెద్దరికం గాంధేయ తరం రాతల్లో ఎక్కడో ఒకచోట తొంగిచూడకుండా ఉండదు. వాళ్లను వస్తువులుగా కాక మనుషులుగా చూశారన్న తేడా మాత్రం చిన్నది కాదు.

1968లో సంచార జాతుల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆ తర్వాత 1971లో గిరిజన తిరుగుబాట్ల మీద పుస్తకం. మాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఇదే. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి దేశంలో జరిగిన గిరిజన తిరుగుబాట్లను ఆయన ఏరి, వరుసగా పేర్చి, ఒక పట్టిక చేశారు. డెబ్బై దాకా ఉన్నాయవి. తర్వాత ఎ.ఆర్. దేశాయ్ రైతాంగ పోరాటాల మీద సంకలనం తెచ్చినప్పుడు ఆ పట్టికను అందులో చేర్చుకున్నారు. పీహెచ్‌డీ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తుంటారు, చాలాసార్లు ఆ రచయిత నెల్లూరు వాడని తెలియకుండానే. ఒక్కసారి ఆలోచించండి. అహింసను నమ్మిన గాంధేయవాది, జీవితమంతా అర్జీలూ సంఘాలూ బడులూ అంటూ గడిపినవాడు, డెబ్బై నాలుగేళ్ల వయసులో కూర్చుని విల్లంబులు పట్టినవాళ్ల చరిత్రను జాగ్రత్తగా రాశాడు. నక్సల్బరీ, శ్రీకాకుళం వార్తలు ఇంకా వేడిగా ఉన్న రోజులవి. తన దారి కాని దారిలో నడిచినవాళ్లనూ ఆయన చరిత్ర నుంచి తీసేయలేదు. వాళ్లు అమాయకులు కారు, ఎవరో రెచ్చగొడితే లేచినవాళ్లు కారు, భూమి పోయి, అడవి పోయి, అప్పుల్లో చిక్కి తిరగబడ్డవాళ్లు అన్నది ఆ పట్టిక చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. భేదాభిప్రాయాన్ని పక్కన పెట్టడమంటే మేము అర్థం చేసుకునేది ఇదే. సభలో చేతులు కలిపి ఫొటో దిగడం ఎవరైనా చేస్తారు.

అదే 1971. ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. 1969లో రాకెట్ ప్రయోగాలకు అనువైన చోటుగా శ్రీహరికోటను ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి-125 రాకెట్ అక్కడి నుంచి ఎగిరింది. తూర్పున సముద్రం, పడమర పులికాట్, మధ్యలో జనం తక్కువ. ఇంజనీర్లకు అది మంచి స్థలం. ఆ తక్కువ జనంలో యానాదులు ముఖ్యులు. దీవిలోని ఊళ్లు ఖాళీ అయ్యాయి. యానాదుల్లో కొన్ని కుటుంబాలు అక్కడే కాలనీల్లోకి మారాయి, మరికొందరు సరస్సుకు ఇవతలి ఒడ్డుకు వచ్చారు. అడవే తిండి, మందు, దేవుడు అయిన జాతికి కంచె అడ్డం పడింది. దేశానికి రాకెట్లు వద్దని మేము అనడం లేదు. ఆ గెలుపుకు ఎవరు ఎంత చెల్లించారన్న లెక్క ప్రయోగం రోజు టీవీల్లో రాదని మాత్రం అంటున్నాం.

1973లో రాఘవయ్యకు పద్మభూషణ్ వచ్చింది. యానాదుల కోసం బతికిన మనిషిని దేశం సత్కరించిన కాలంలోనే, యానాదుల అతి పాత నివాసాల్లో ఒకటి వాళ్లది కాకుండా పోతోంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఆయన జీవితకథ చెప్పడం సగమే చెప్పడమవుతుంది. సేవ చేసే వ్యక్తి ఎంత నిజాయితీపరుడైనా, భూమి మీద హక్కు కాగితం ఆ జాతి చేతిలో లేకపోతే ఏం జరుగుతుందో శ్రీహరికోట చెబుతుంది. అంబేడ్కర్ ఠక్కర్‌కు రాసింది దాదాపు ఇదే.

ఇక చట్టం సంగతి. నేరస్త తెగల చట్టం పోయింది గానీ దాని నీడ పోలేదు. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. మద్రాసులో 1948లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో విముక్త జాతుల ప్రస్తావన వచ్చింది. పుట్టుకతో నేరస్తులన్న ఆలోచన జైలు నిబంధనల్లో ఇంకా బతికే ఉందని కోర్టు గుర్తించింది, ఆ జాతుల వాళ్లను ఇష్టారాజ్యంగా అరెస్టు చేయవద్దని పోలీసులకు చెప్పింది. రాఘవయ్య తరం మొదలుపెట్టిన కేసు అది. ఇంకా నడుస్తూనే ఉంది.

యానాదులు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద షెడ్యూల్డ్ తెగల్లో ఒకరు. 2001 జనాభా లెక్కల్లోనే వాళ్లు నాలుగున్నర లక్షలు దాటారు. రొయ్యల చెరువుల దగ్గర, పొలాల్లో, ఇటుక బట్టీల్లో అప్పు కింద పనిచేసే కుటుంబాలను విడిపించారన్న వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఆధార్ కార్డు లేదనో, కుల ధ్రువపత్రం లేదనో రేషనూ బడీ అందనివాళ్ల గురించి మనమే ఎన్నోసార్లు రాశాం. తేడా ఏమిటంటే, ఇప్పుడు ఆ సంఘాల్లో మాట్లాడేవాళ్లు యానాది యువతీ యువకులే. అర్జీ రాసేదీ వాళ్లే, కలెక్టరాఫీసు ముందు కూర్చునేదీ వాళ్లే.

రాఘవయ్య 1981లో కన్నుమూశారు. అంతకు ఏడాది ముందు, 1980 జూలై 18న, శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వి-3 ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. దేశమంతా పండగ చేసుకుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో ఆ దీవి నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఈసారి ప్రయోగం చూడటానికి సూళ్ళూరుపేట వెళ్లే విద్యార్థి మిత్రులు ఒక గంట ముందు బయలుదేరండి. సరస్సు ఒడ్డు కాలనీల్లో ఆగండి. మీ తాతల ఊరు దీవిలో ఎక్కడుండేదని అక్కడి పెద్దవాళ్లను అడగండి.