బ్లేజ్ పాస్కల్

బ్లేజ్ పాస్కల్ (జూన్ 19, 1623 - ఆగష్టు 19, 1662) ఫ్రాన్సు దేశానికి చెందిన ప్రముఖ గణిత శాస్త్రవేత్త, భౌతిక శాస్త్రవేత్త, తత్త్వవేత్త, రచయిత. మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై కలిగించిన పీడనం ఏమాత్రం తగ్గకుండా అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుందని తెలిపే పాస్కల్ సూత్రం ఈయన పేరుతోనే ప్రసిద్ధమైంది. హైడ్రాలిక్ జాకీలు, ప్రెస్సులు, వాహనాల బ్రేకులు ఈ సూత్రం ఆధారంగానే పనిచేస్తాయి. బ్రేకు గొట్టంలో చేరిన గాలిని ఎందుకు తీసివేయాలో కూడా ఈయన ద్రవాలపైన, గాలిపైన చేసిన పరిశోధనలను బట్టి తెలుసుకోవచ్చు.

బాల్యం, విద్య

పాస్కల్ ఫ్రాన్సులోని క్లెర్మాంట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఎతియెన్ పాస్కల్ పన్నుల వ్యవహారాల న్యాయస్థానంలో అధికారి, గణితంలో ప్రవీణుడు. పాస్కల్‌కు మూడేళ్ళ వయసులో తల్లి మరణించింది. 1631లో ఈ కుటుంబం పారిస్‌కు తరలివెళ్ళింది. తండ్రి పిల్లలను బడికి పంపక తానే చదువు చెప్పాడు. 1640లో, ఇంకా పదిహేడేళ్ళు నిండకముందే, పాస్కల్ శాంకవాలపై రాసిన చిన్న వ్యాసం అచ్చయింది.

తండ్రికి రువాన్ నగరంలో పన్నుల వసూలు బాధ్యత అప్పగించబడింది. ఆయన లెక్కల శ్రమను తగ్గించడానికి పాస్కల్ 1642లో పళ్ళ చక్రాలతో నడిచే గణన యంత్రం తయారీకి పూనుకొన్నాడు. దీనికి 1649లో రాజు నుండి ప్రత్యేక హక్కు లభించినా, ధర ఎక్కువ కావడంతో అంతగా అమ్ముడు పోలేదు.

గాలి పీడనంపై ప్రయోగాలు

ఇటలీలో టారిసెల్లి చేసిన పాదరసపు గొట్టం ప్రయోగం గురించి 1646లో పాస్కల్‌కు తెలిసింది. గొట్టంలో పాదరసాన్ని నిలబెట్టేది బయటి గాలి బరువే అయితే, గాలి తక్కువగా ఉండే ఎత్తైన చోట పాదరసం మట్టం తగ్గాలని ఈయన భావించాడు. అనారోగ్యం వలన పాస్కల్ ఈ ప్రయోగాన్ని బావగారైన ఫ్లోరిన్ పెరియర్‌కు అప్పగించాడు. పెరియర్ సెప్టెంబరు 19, 1648న క్లెర్మాంట్ సమీపంలోని పూయ్ ద డోమ్ పర్వతం ఎక్కాడు. కొండ కింద ఒక గొట్టాన్ని ఒక సన్యాసి కాపలాలో ఉంచి, మరొకదానితో శిఖరం మీద కొలత తీశాడు. పైన పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు దిగింది, కింద ఉన్నదానిలో మార్పు రాలేదు.

గాలి తన బరువుకు తానే అణగి ఉంటుందని వివరించడానికి పాస్కల్ దానిని ఉన్ని కుప్పతో పోల్చాడు. కుప్పలో అడుగున ఉన్న ఉన్ని ఎక్కువగా అణిగి ఉంటుంది, పైనున్నది వదులుగా ఉంటుంది.

పాస్కల్ సూత్రం

ద్రవాల సమతాస్థితిపై పాస్కల్ 1653-54 ప్రాంతంలో ఒక గ్రంథం రాశాడు. పూర్తిగా నీటితో నిండి, అన్ని వైపులా మూసి ఉన్న పాత్రకు రెండు రంధ్రాలు, వాటిలో రెండు పిస్టన్లు ఉన్నాయనుకొందాం. ఒక రంధ్రం వైశాల్యం రెండవదానికి నూరు రెట్లు ఉంటే, చిన్న పిస్టనును నొక్కే ఒక్క మనిషి, పెద్ద పిస్టనును నొక్కే నూరుగురు మనుషులతో సరితూగుతాడు. అయితే చిన్న పిస్టను ఎంత దూరం జరిగితే పెద్దది అందులో నూరోవంతు మాత్రమే కదులుతుందని కూడా పాస్కల్ గుర్తించాడు.

మోటారు సైకిలు బ్రేకు - గాలి తీయడం

అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్ 1917లో హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు పొందాడు. 1969లో వచ్చిన హోండా సీబీ 750 మోటారు సైకిలు ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్కు బ్రేకు అమర్చారు. హ్యాండిలు వద్ద లివరు నొక్కినప్పుడు మాస్టర్ సిలిండరులోని చిన్న పిస్టను బ్రేక్ ఆయిల్‌ను నెడుతుంది. ఆ పీడనం కాలిపర్‌లోని పెద్ద పిస్టన్లకు చేరి, ప్యాడ్లు డిస్కును పట్టుకొంటాయి.

చిన్న పిస్టను నెట్టే ఆయిల్ చాలా కొద్ది. గొట్టంలో గాలి బుడగ ఉంటే లివరు కదలిక ఆ బుడగను అణచడానికే ఖర్చవుతుంది. పాస్కల్ సూత్రం అక్కడ తప్పిపోదు, కాని చక్రాన్ని ఆపగలిగేంత పీడనం పుట్టదు. లివరు మెత్తగా హ్యాండిలు దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఈ పని ప్రాణాలకు సంబంధించినది. మెకానిక్కులు దీనిని బ్లీడింగ్ అంటారు. ఇంటివద్ద చేసుకొనే పద్ధతి ఇది:

1. ఆయిల్ డబ్బా సమతలంగా ఉండేలా బండిని నిలిపి, రంగు పాడవకుండా ట్యాంకుపై గుడ్డ కప్పాలి. మూతపై సూచించిన రకం కొత్త ఆయిల్‌నే వాడాలి.
2. కాలిపర్‌పై ఉన్న బ్లీడ్ నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండవ కొనను కొద్దిగా ఆయిల్ పోసిన సీసాలో ముంచి ఉంచాలి.
3. లివరును నెమ్మదిగా నొక్కి పట్టుకొని, నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయాలి. ఆయిల్‌తో పాటు బుడగలు బయటకు వస్తాయి.
4. నిపుల్‌ను బిగించిన తరువాతనే లివరు వదలాలి. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది.
5. బుడగలు ఆగి లివరు గట్టిపడే వరకు ఇలాగే చేయాలి. మధ్యలో డబ్బాలో ఆయిల్ కనీస మట్టం కంటే తగ్గకూడదు.

చివరకు ఆయిల్‌ను సరైన మట్టానికి నింపి మూత బిగించాలి. కారిన ఆయిల్‌ను తుడిచి, లివరును గట్టిగా నొక్కి పట్టి లీకులు లేవని చూడాలి. తరువాత ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో బ్రేకును పరీక్షించాలి. అప్పటికీ లివరు మెత్తగానే ఉంటే బండిని రోడ్డెక్కించరాదు. ఏబీఎస్ ఉన్న కొన్ని బండ్లకు సర్వీసు కేంద్రపు పరికరం అవసరమవుతుంది. సీసాలో పట్టిన పాత ఆయిల్‌ను మళ్ళీ వాడరాదు. సాధారణంగా వాడే బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకొంటుంది. బ్రేకు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరిగా మారి గాలి బుడగలాగే అణుగుతుంది.

చివరి దశ

1654లో ఫెర్మాతో జరిపిన లేఖల ద్వారా పాస్కల్ సంభావ్యతా సిద్ధాంతానికి పునాది వేశాడు. అదే సంవత్సరం నవంబరులో కలిగిన ఆధ్యాత్మిక అనుభవం తరువాత ఎక్కువగా మత చింతనలో గడిపాడు. 1662 మార్చిలో ఈయన చొరవతో పారిస్‌లో నిర్ణీత మార్గాలలో తిరిగే గుర్రపు బండ్లు ప్రజల కోసం మొదలయ్యాయి. అదే ఏడాది ఆగష్టులో, 39 ఏళ్ళ వయసులో, అక్క గిల్బర్టు ఇంట మరణించాడు. ద్రవాలపై, గాలిపై రాసిన గ్రంథాలు మరుసటి సంవత్సరం, 1663లో అచ్చయ్యాయి. మతపరమైన ఆలోచనల సంకలనం పాంసే 1670లో వెలువడింది.

1971లో పీడనపు అంతర్జాతీయ ప్రమాణానికి పాస్కల్ అని పేరు పెట్టారు. ఒక చదరపు మీటరుపై ఒక న్యూటన్ బలం కలిగించే పీడనమే ఒక పాస్కల్.