గుప్తోష్ణాన్ని కనుగొన్న ఆచార్యుడు – జోసెఫ్ బ్లాక్

ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతం తెలిసిన ఈ భేదాన్ని రెండున్నర శతాబ్దాలకు పూర్వం పండితులు కూడా స్పష్టంగా గుర్తించలేదు. ఉష్ణమాపకంలో పాదరసం ఎంత పైకి లేస్తే వస్తువులో అంత వేడి చేరినట్లేనని భావించేవారు. ఆ భావన సరికాదని మంచుగడ్డ సాయంతో నిరూపించిన మహనీయుడు జోసెఫ్ బ్లాక్.

బ్లాక్ 1728 ఏప్రిల్ 16న ఫ్రాన్సు దేశంలోని బోర్డో నగరంలో జన్మించారు. తండ్రి బెల్‌ఫాస్టు నుండి వచ్చి అక్కడ స్థిరపడిన ద్రాక్షాసవ వర్తకుడు. పన్నెండవ యేట చదువుకై బెల్‌ఫాస్టుకు పంపబడిన ఆ బాలుడు, అనంతరం స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరి, విలియం కలెన్ అనే ఆచార్యుని రసాయనశాలలో సహాయకుడయ్యారు. 1754లో ఎడిన్‌బరోలో వైద్యశాస్త్ర పట్టా పొందారు. అందుకై సమర్పించిన పరిశోధన వ్యాసంలో, తెల్లని మెగ్నీషియా పొడిని కాల్చినప్పుడు దాని బరువు ఎందుకు తగ్గుతుందో త్రాసు సాయంతో తేల్చారు. తగ్గిన బరువులో అధికభాగం బయటికి పోయిన ఒక వాయువుదే. అదే నేటి బొగ్గుపులుసు వాయువు. కంటికి కనబడనిదాన్ని కూడా కొలిచి పట్టుకోవచ్చుననే విశ్వాసం ఆయనకు ఆనాడే కలిగింది.

1756లో గ్లాస్గోలో ఆచార్య పదవి చేపట్టిన పిమ్మట ఆయన దృష్టి మంచుపై నిలిచింది. మంచు ద్రవీభవన స్థానానికి చేరిన తరువాత, మరికొద్దిపాటి వేడి తగిలితే చాలు, మొత్తం నీరైపోతుందని ఆనాటివారి అభిప్రాయం. అదే నిజమైతే వసంతం రాగానే కొండలమీది మంచంతా ఒక్కపెట్టున కరిగి, వరదలై ఊళ్ళను ముంచివేయాలి. అట్లు జరగడం లేదు. ఎందువల్ల?

సమాధానానికై 1761 ప్రాంతంలో ఆయన చేసిన ప్రయోగం మిక్కిలి సరళమైనది. ఒకే పరిమాణం గల రెండు పలుచని గాజుబుడ్లలో సమానమైన బరువుగల నీటిని పోశారు. ఒకదానిలోని నీటిని గడ్డ కట్టించారు. రెండవదానిలోని నీటిని 33 ఫారన్‌హీట్ డిగ్రీల వరకు చల్లబరిచారు. రెండింటినీ 47 డిగ్రీలున్న విశాలమైన గదిలో వ్రేలాడదీశారు. అరగంటలో నీరు 7 డిగ్రీలు వేడెక్కి 40 డిగ్రీలకు చేరింది. మంచు కరిగి అదే 40 డిగ్రీలకు చేరడానికి పట్టిన కాలం పదిన్నర గంటలు, అనగా 21 అరగంటలు! అరగంటకు 7 డిగ్రీల వంతున లెక్కిస్తే మంచు గ్రహించినది 147 డిగ్రీల వేడి. ఉష్ణమాపకానికి తెలిసినది 8 డిగ్రీలు మాత్రమే. తక్కిన 139 డిగ్రీల వేడి కరగడానికే వినియోగపడింది. నేటి లెక్క ప్రకారం ఈ విలువ సుమారు 144. ఆనాటి పరికరాలతో ఇంత దగ్గరగా రావడం అబ్బురం. మరుగుపడిన ఈ వేడికే గుప్తోష్ణమని పేరు. 1762 ఏప్రిల్‌లో ఈ ఫలితాలను గ్లాస్గోలోని పండిత సభకు వినిపించారు.

ఒక గ్రాము మంచు 0 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద కరగడానికి 80 కెలోరీల ఉష్ణం కావాలి. అదే ఉష్ణం ఒక గ్రాము నీటిని 0 నుండి 80 డిగ్రీలకు వేడిచేయగలదు! వేసవిలో మన కొమరోలు బజారులో గోనెపట్టా చుట్టి, పొట్టు చల్లి ఉంచిన మంచుదిమ్మ ఎండలోనూ త్వరగా కరగకపోవడానికి పొట్టుతోపాటు ఈ గుప్తోష్ణమూ కారణమే. ఇఫ్తారు వేళ షర్బతులో వేసిన మంచుముక్క, అంతే బరువుగల చన్నీటికన్నా ఎక్కువ చల్లదనాన్ని ఇవ్వడానికీ ఇదే కారణం. ఒకే ఎండలో మార్కాపురం పలక చుర్రుమంటుంది, ప్రక్కనే కుండలోని నీరు గోరువెచ్చగానైనా కాదు. పదార్థాన్నిబట్టి ఉష్ణగ్రహణం మారుతుందనే ఈ విశిష్టోష్ణ సూత్రానికీ ఆద్యుడు బ్లాక్ మహాశయుడే.

గ్లాస్గోలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్ ఆయనకు మిత్రుడు. కొద్దిపాటి ఆవిరి తనకు ఆరురెట్ల బరువుగల నీటిని మరిగేదాకా వేడిచేయడం చూసి వాట్ ఆశ్చర్యపడగా, ఆవిరిలోనూ గుప్తోష్ణం ఉన్నదని బ్లాక్ వివరించారు. వాట్ 1765లో ఆవిరి యంత్రానికి కొత్త రూపం కల్పించారు. ఆ కృషికి బ్లాక్ ధనసహాయమూ చేశారు.

1766లో ఎడిన్‌బరోకు మారి మూడు దశాబ్దాలు పాఠం చెప్పారు. దూరదేశాల విద్యార్థులు వచ్చి ఆయన శిష్యులైనారు. నత్రజనిని కనుగొన్న డేనియల్ రూథర్‌ఫర్డ్ వారిలో ఒకరు. అయితే ఒక లోపం. గుప్తోష్ణంపై ఆయన గ్రంథం ప్రకటించలేదు. 1772లో స్వీడను దేశీయుడు విల్కె ఇదే విషయాన్ని స్వతంత్రంగా కనుగొని ప్రచురించారు. బ్లాక్ కీర్తి మరుగున పడవలసినదే. తరగతిలో విన్నవారి సాక్ష్యమే దానిని కాపాడింది. 1799 డిసెంబరు 6న బ్లాక్ ప్రశాంతంగా కన్నుమూశారు. ఒడిలోని పాలగిన్నె సైతం తొణకలేదట. శిష్యుడూ, మిత్రుడూ అయిన జాన్ రాబిసన్ ఆయన ఉపన్యాసాలను సంతరించి 1803లో గ్రంథంగా వెలువరించారు.

ఉష్ణం ఒక ద్రవపదార్థమని ఆనాటివారు తలచారు. అది శక్తిరూపమని 1840 తరువాత జౌల్ నిరూపించారు. మంచులోని అణువుల బంధాలను సడలించడానికే ఆ శక్తి వ్యయమవుతుందని నేడు మనకు తెలుసు. సిద్ధాంతం మారింది, బ్లాక్ కొలత నిలిచింది. విద్యార్థులారా, కొలవడానికి ఓపిక పట్టండి, కనుగొన్నదాన్ని వ్రాసి ఉంచండి. మొదటిది బ్లాక్ జీవితం నేర్పిన పాఠం, రెండవది ఆయన శిష్యుడు నేర్పిన పాఠం.