బందరు గ్రహణం చూసిన పోగ్సన్

చాంద్రమాసం ఆఖరున చంద్రుడు మనకు కనిపించడు. సరిగ్గా అప్పుడే సూర్యుడికి అడ్డం వస్తే పట్టపగలు చీకటి పడుతుంది. హిజ్రీ 1285 రబీ ఉస్సానీ నెలాఖరున, అంటే 1868 ఆగస్టు 18 ఉదయం, మన మచిలీపట్నంలో అదే జరిగింది. ఆ కుసూఫ్‌ను పరిశీలించడానికి మద్రాసు నుంచి వచ్చినవారు నార్మన్ రాబర్ట్ పోగ్సన్.

1829లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పుట్టిన పోగ్సన్ 1861లో మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చారు. ఆ ఏడే ఒక చిన్న గ్రహాన్ని కనుగొని దానికి ఆసియా అని పేరు పెట్టారు. అంతకు ముందే, 1856లో, నక్షత్రాల కాంతికి ఒక లెక్క కట్టారు. ఒకటో తరగతి నక్షత్రం ఆరో తరగతి నక్షత్రం కంటే నూరు రెట్లు కాంతివంతమని ఆ లెక్క. ఇవాళ మన పిల్లలు ఆడే కంప్యూటరు ఆటల్లో రాత్రి ఆకాశం నిజమైనదిలా కనిపించాలన్నా ఈ లెక్క కావలసిందే.

బందరులో చీకటి పడిన ఆ కొద్ది నిమిషాల్లో ఆయన సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని రంగులుగా విడదీసి చూశారు. అందులో ఒక పసుపుపచ్చని గీత. అలాంటి గీత సోడియందే అయి ఉండాలని అప్పటి అభిప్రాయం. కాని అది సోడియం గీత ఉండే చోట సరిగ్గా లేదని పోగ్సన్ గమనించారు. అది హీలియం గీత! అయినా ఆయన నివేదిక మద్రాసులో అచ్చయి అక్కడే ఉండిపోయింది. గుంటూరులో గ్రహణం చూసిన జాన్సెన్, ఇంగ్లండులోని లాకియర్ పేర్లే పుస్తకాలకెక్కాయి. ఇది న్యాయమని మేము అనుకోము.

పోగ్సన్ 1891లో మద్రాసులోనే కన్నుమూశారు. భూమి మీద హీలియం దొరికింది 1895లో.