కావ్యం చూపిన నగరం

క్రీస్తుపూర్వం ఎనిమిదవ శతాబ్ది ప్రాంతంలో గ్రీకు భాషలో వెలసిన ‘ఇలియడ్’ మహాకావ్యం ట్రాయ్ నగర యుద్ధాన్ని వర్ణిస్తుంది. దాని కర్త హోమర్ అని సంప్రదాయం. పందొమ్మిదవ శతాబ్దిలో పండితులు పెక్కుమంది ఆ నగరాన్ని కవికల్పనగానే ఎంచారు. కావ్యాన్ని నమ్మి పార పట్టించినవాడు హైన్రిష్ ష్లీమన్ అనే వర్తకుడు.

అతడు 1822 జనవరి 6న ఉత్తర జర్మనీలో ఒక మతాచార్యుని ఇంట జన్మించాడు. పేదరికం వల్ల బాల్యంలోనే చదువు మాని పచారీ కొట్టులో కొలువు కుదిరాడు. ఒకనాడు తాగివచ్చిన పిండిమర పనివాడొకడు హోమర్ పంక్తులను గ్రీకులో పఠించాడట. ఒక్క మాటా బోధపడకున్నా ఆ నాదానికి బాలుని కన్నులు చెమర్చాయి. మూడుసార్లు చదివించుకొని, ఉన్న కాసులన్నీ అతని మద్యానికే వెచ్చించాడు. ఇది ష్లీమన్ తానే చెప్పుకొన్న కథ. తన గురించి పెంచి చెప్పుకోవడం అతనికి అలవాటు గనుక కొంత తగ్గించి గ్రహించడం మేలు.

1846 నుండి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నీలిమందు వ్యాపారం చేసి అపార ధనం గడించాడు. మన దేశపు నీలిమందుకు ఐరోపాలో గిరాకీ గల రోజులవి. పలు భాషలు నేర్చినా గ్రీకును మాత్రం 1856 వరకు దూరంగానే ఉంచాడు. ఆ భాషా వ్యామోహంలో పడితే వర్తకం చెడుతుందని అతని భయం. పిమ్మట వ్యాపారం చాలించి, మదరాసు, కాశీ మొదలైన చోట్లు చూస్తూ లోకయాత్ర చేశాడు.

ట్రాయ్ ఉండదగిన చోటు నేటి టర్కీలోని హిసార్లిక్ దిబ్బ అని అతనికి సూచించినవాడు ఫ్రాంక్ కాల్వర్ట్. ఆ ఋణాన్ని ష్లీమన్ తగినంతగా ఒప్పుకోలేదు. 1871లో తవ్వకాలు విస్తృతంగా సాగించాడు. ఆ దిబ్బలో నగరంపై నగరంగా తొమ్మిది ప్రధాన పొరలున్నాయి. హోమర్ వర్ణించిన ట్రాయ్ అడుగునే ఉంటుందన్న ఆత్రంతో నడిమికి పెద్ద కందకం తవ్వించాడు. 1873లో బంగారు నగలు దొరికాయి. అవి ట్రాయ్ రాజు ప్రియమ్ నిధి అని ప్రకటించి, రహస్యంగా దేశం దాటించాడు. అవి ప్రియమ్ కాలానికి వెయ్యేళ్లకు పైగా ముందువని తరువాత తేలింది. అతడు వెదకిన నగరం పైపొరలలో ఉంది. దాని కట్టడాలు కొన్ని అతని కూలీల పారల కిందనే కూలిపోయాయి!

భావనపాడుకు దక్షిణంగా, వంశధార ఒడ్డున, 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చిన శాలిహుండం బౌద్ధ శిథిలాలను చూసిన విద్యార్థులకు ఈ నష్టం సులభంగా బోధపడుతుంది. మట్టిపొర గ్రంథంలోని పుట వంటిది. చినిగితే మళ్లీ చదవలేము.

1876లో మైసీనే సమాధులను తవ్వి మరింత కీర్తి పొందాడు. 1882 నుండి డార్ప్‌ఫెల్డ్ అనే వాస్తువేత్తను తోడు తెచ్చుకొన్నాక అతని పనిలో ఓర్పు కనిపించింది. 1890 డిసెంబరు 26న నేపుల్స్‌లో మరణించాడు. గ్రీకు వనితయైన భార్య సోఫియా వల్ల కలిగిన పిల్లలకు అతడు పెట్టుకొన్న పేర్లు ఆండ్రోమకి, అగమెమ్నాన్. రెండూ ‘ఇలియడ్’ పాత్రలవే.